ప్రతి హారతికీ ఇంజను ఆపినవాడు

పెళ్లినాడు పెళ్లికొడుకును కారులో వేసుకుని ఉడాయించినవాణ్ణి నేను. మా కడప జిల్లాలో ఈ మాట చెబితే, విన్నవాళ్లు వెంటనే గొంతు తగ్గించి "ఏం కక్ష?" అని అడుగుతారు. కక్ష లేదు. బ్యాటరీ డౌనయింది, అంతే. ఆ 'అంతే'లో మా ఇంటి పరువు ఎంత పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నేను మాత్రం రాసినంతసేపూ నిటారుగానే కూర్చుంటాను. మా ఇంట్లో వాలి కూర్చునే అలవాటు లేదు.

కొండాపురం దగ్గర మా ఊరు. ఉండేది, అనాలి. గండికోట రిజర్వాయరు నీళ్లు వచ్చి పొలాలను, తోటలను, పన్నెండు స్తంభాల మా ఇంటిని ముంచేశాక ఊరిని మొత్తం తెచ్చి కాలనీలో పెట్టారు. కాలనీలో అందరికీ ఒకే కొలత స్థలం. మా తాత దగ్గర గొర్రెలు మేపిన గంగులప్పకూ అంతే, ఆ తాత మనవణ్ణయిన నాకూ అంతే. స్థలాలు కొలిచిన రోజు నేను ఆ అధికారి చేతిలోని టేపు వైపు చాలాసేపు చూశాను, మా వంతు వచ్చేసరికి కొంచెమైనా సాగుతుందేమోనని. సాగలేదు.

నాకు మిగిలినవి రెండు. ఒకటి వెన్నెముక. రెండోది మా తాత కొని, మా నాయన వదిలిపోయిన తెల్ల కారు. దాన్ని ఇంటి ముందర నిలబెడితే ముందు చక్రాలు మా గుమ్మం దగ్గర, వెనక చక్రాలు పక్కింటివాళ్ల ముగ్గులో ఉండేవి. పాత ఊళ్లో ఉన్నప్పుడు అది ప్రొద్దుటూరుకు పోయేది, జమ్మలమడుగుకు పోయేది, వానాకాలంలో వాగులు కూడా దాటేది. కాలనీకి వచ్చాక దానికి ఒకటే ప్రయాణం. రోజూ పొద్దున మా గుమ్మం నుంచి కాలనీ మొదట్లో ఉన్న టీ అంగడి దాకా పోవడం, రావడం.

"ఆ మాత్రం దూరానికి కారేంది? ఈడ్నుంచి కేకేస్తే టీ అంగడాయనకు ఇనపడతాది గదా," అనేది మా ఇంటామె సరళ.

"టీ కోసం కాదు పోయేది."

"మరి దేనికి?"

"జనానికి కనపడేదానికి."

"రోజూ కనపడతానే ఉండావు. వాళ్లకు మొహం మొత్తలేదా?"

ఆమెకు అర్థం కాదు. మా తాత చెప్పిన పద్ధతి ఒకటుంది. మన కారు ఎప్పుడూ తొందరపడకూడదు. మనం వస్తున్నామని జనం చూడాలి, చూసి లేచి నిలబడాలి, అందుకు వాళ్లకు వ్యవధి ఇవ్వాలి. అందుకని నేను ఒకటో గేరులో, మహా అయితే రెండో గేరులో, పట్టపగలు లైట్లు వేసుకుని, ఫ్యాను తిప్పుకుని, పాటలు పెట్టుకుని పోయేవాణ్ణి. నడిచిపోయే ముసలివాళ్లు నన్ను దాటుకుని పోయేవాళ్లు. దాటుతూ కిటికీలోంచి పలకరించి మరీ పోయేవాళ్లు.

కొన్నాళ్లకు కారు పొద్దున లేవడం మానేసింది. తాళం తిప్పితే దగ్గు వచ్చిన మేకపిల్లలా ఒకసారి ములిగి ఊరుకునేది. జమ్మలమడుగు నుంచి మస్తాన్‌ను పిలిపించాను. కార్లకు, లారీలకు కరెంటు పనులన్నీ చేసేది అతనే. మూత తీసి చూసి, నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"అప్పా, దీన్ని యాడికి తోల్తాండావు?"

"టీ అంగడి దాకా."

"ఆన్నుంచి?"

"ఇంటికి."

మస్తాన్ మూత దించాడు. తర్వాత ఎదురింటి నీళ్ల తొట్టి చూపించి చెప్పాడు. "స్టార్టు చేసినప్పుడల్లా బ్యాటరీలోనుంచి బిందెడు తోడుకుంటాండావు. బండి బాగా పరిగెత్తితే డైనమో ఆ బిందెడు మల్లా పోస్తాది. నువ్వు ఎద్దులబండి మాదిరి పోయి ఆపుతాండావు. చెంబెడు గూడా పడదు. ఆపైన లైట్లు, ఫ్యాను, పాటలు. ఎన్నాళ్లని తాళుతాది అది?"

"లైట్లు లేకుంటే ఆ కారుకు కళ ఉండదు మస్తాన్."

"బ్యాటరీ లేకుంటే కదిలేది గూడా ఉండదప్పా. వారానికొకసారి ప్రొద్దుటూరు రోడ్డు ఎక్కు. లైట్లు ఆపి, పై గేరులో అర్ధగంట పరిగెత్తీయ్. కులాసాగా ఉంటాది."

"పని లేకుండా ప్రొద్దుటూరికి దేనికి?"

"బ్యాటరీ పనే."

"బ్యాటరీ పనిమీద మా ఇంట్లో ఎవురూ ప్రయాణం పెట్టుకోరు."

"పోనీ, వాడనప్పుడు ఈ వైరు ఊడదీసి పెట్టు. అదీ కాదంటే బ్యాటరీ ఇప్పుకొని ఆటోలో ఏసుకొని నా కాడికి రా, ఛార్జింగు పెట్టిస్తా."

మా ఇంటి బ్యాటరీ ఆటో ఎక్కి జమ్మలమడుగుకు పోవడం. కాలనీ అంతా చూస్తుండగా. నేను మస్తాన్‌కు మజ్జిగ ఇప్పించి పంపేశాను. నా వైద్యం నేను మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం కారును గుమ్మం ముందరే స్టార్టు చేసి, లైట్లన్నీ వేసి, ఐదు నిమిషాలు గర్రుమనిపించి ఆపేవాణ్ణి. అంత చప్పుడు చేస్తున్నది కాబట్టి ఛార్జింగు ఎక్కుతూనే ఉంటుందని నా లెక్క. ఎక్కింది పక్కింటి గోడకు మసి.

ఇట్లా ఉండగా గంగులప్ప వచ్చాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే చిన్న కొడుకు సురేశుకు పెళ్లి కుదిరింది. పిల్లదాని ఊరు వేముల. పెళ్లి పులివెందులలో, కళ్యాణ మండపంలో, పొద్దున పదిన్నరకు ముహూర్తం.

"పిల్లోడు నీ కారులో ఎక్కాల చిన్నయ్యా," అన్నాడు.

ఇక్కడ మీకు మా ఊరి ఆనవాయితీ చెప్పాలి. మా ఊరి నుంచి ఏ పెళ్లికొడుకు బయలుదేరినా, ఏ కులంవాడైనా, తన గడప నుంచి ఊరి హద్దు దాకా మా ఇంటి కారులోనే పోవాలి. ఎక్కాక హద్దు దాటేదాకా కాలు నేల మీద పెట్టకూడదు. హద్దు దగ్గర దిగి, తర్వాత ఏ బండిలో పోయినా అతని ఇష్టం. దారిలో ప్రతి గడప ముందరా ఆడవాళ్లు హారతి ఇస్తారు. హారతి ఇచ్చేటప్పుడు ఇంజను ఆపాలి. పళ్లెం మీద పొగ పోకూడదని మా తాత పెట్టిన నియమం. కాలనీకి వచ్చాక మొదటి పెళ్లికొడుకు సురేశే. ఇది జరిగితే మా ఇంటి మర్యాద కాలనీలో కూడా నిలుస్తుంది. జరగకపోతే పన్నెండు స్తంభాల పక్కన అది కూడా నీళ్ల కిందికి పోతుంది. ఇక నాకు మిగిలేది వెన్నెముక ఒక్కటే.

"మా పెద్దోడు ఎర్ర కారు కొన్యాడు గదా, దాంట్లోనే పోదాం అంటాండాడు," అన్నాడు గంగులప్ప. "నేను ఒప్పుకోల్యా. పెద్దయ్య కారులో గడప దాటితేనే పెండ్లికొడుకు. లేకుంటే ఊరికి పోతాండే మనిషి. కారు బాగుండాది గదా?"

"మా కారుకేమి?" అన్నాను. అన్నప్పుడు సరళ లోపల గిన్నె ఒకటి కిందికి వదిలింది. జారవిడిచిందని నేను అనుకోను.

పెళ్లికి ముందురోజు మస్తాన్‌ను మళ్లీ పిలిపించాను. అతను తన దగ్గరున్న డబ్బాతో బ్యాటరీకి నిండా ఛార్జింగు పెట్టి, "అప్పా, రేపు ఒకసారి స్టార్టు చేసినావంటే మల్లా ఆపొద్దు. పాత బ్యాటరీ, శానా సార్లు లేపితే లేయదు," అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపితే మా ఇంట్లో విన్నామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. అతను పోయాక కారు చుట్టూ రంగురంగుల దీపాల తోరణం కట్టించి, దాని వైరు తిన్నగా బ్యాటరీకే ఇప్పించాను.

మరునాడు పొద్దున సురేశు బాసికం కట్టుకుని, అక్షింతలు వేయించుకుని, నా వెనక సీట్లో కూర్చున్నాడు. ముందర మేళం, ఆ వెనక గంగులప్ప, చుట్టూ బంధువులు. తాళం తిప్పగానే కారు సింహంలా లేచింది. నేను కళ్లజోడు సర్దుకున్నాను. మొదటి గడప. హారతి. ఇంజను ఆపాను. హారతి అయింది. స్టార్టు చేశాను. నాలుగు అడుగులు పోయాను. రెండో గడప.

ఇక్కడ నా తెలివి ఎంతటిదో చూడండి. పాత ఊళ్లో ఇళ్లు దూరదూరంగా ఉండేవి. ఒక హారతికీ మరో హారతికీ మధ్యన కంది చేను, కళ్లం, గొర్రెల దొడ్డి ఏదో ఒకటి ఉండేది. కారు కాస్త పరిగెత్తి ఊపిరి తీసుకునేది. కాలనీలో గడపకూ గడపకూ మధ్యన గోడ ఒక్కటే. అదీ రెండు వైపులా. ఎడమ పక్క హారతి అయి స్టార్టు చేస్తే, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు కుడి పక్క పళ్లెం సిద్ధంగా ఉండేది.

నాలుగో గడపకు హారన్ గొంతు బొంగురుపోయింది. ఏడో గడపకు లైట్లు పసుపు నీళ్ల రంగుకు తిరిగాయి. పదో గడప దగ్గర దీపాల తోరణం ఆవలించింది. పక్కన కూర్చున్న సరళ ముందుకు చూస్తూనే, పెదవులు కదపకుండా అడిగింది.

"మస్తాన్ ఏం చెప్పినాడు?"

"వాడు బ్యాటరీకి చెప్పినాడు. తాత నాకు చెప్పినాడు."

పన్నెండో గడప దగ్గర తాళం తిప్పాను. టక్ అంది. మళ్లీ తిప్పాను. ఈసారి అది కూడా అనలేదు.

గంగులప్ప కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఏమాయ చిన్నయ్యా?"

"విశ్రాంతి తీసుకుంటాంది."

"ఎవురు?"

"బ్యాటరీ. ఐదు నిమిషాలు ఆగితే తేరుకుంటాది."

అందరూ ఆగారు. మేళంవాళ్లు వాయించిందే వాయించారు. హారతి ఇచ్చిన ఇల్లాలు, ఇంకా కారు తన గుమ్మం ముందరే ఉందని మొహమాటపడి మళ్లీ హారతి ఇచ్చింది. వెనక సీట్లో సురేశు బాసికం కింద చెమట తుడుచుకుంటూ, "అన్నా, ఫ్యానన్నా ఎయ్," అన్నాడు. నేను వినపడనట్లు కూర్చున్నాను. అంతలో అతని ఫోను మోగింది. పెళ్లికూతురి మేనమామ.

"యాడుండారు?" ఆ గొంతు కారంతా వినపడింది.

"దోవలో ఉండాం మామా."

"ముద్దనూరు దాటినారా?"

సురేశు కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడినుంచి వాళ్ల సొంత ఇల్లు, దానికి కట్టిన మామిడి తోరణం స్పష్టంగా కనిపిస్తున్నాయి. "దాటుతాం మామా," అన్నాడు.

ఫోను పెట్టేశాక గంగులప్ప పెద్ద కొడుకు వచ్చాడు. "నాయనా, ఎర్ర కారు తెస్తా. వాన్ని దించు."

"కాలు కింద పెట్టగూడదు రా."

"ఎత్తుకొని పోదాం."

"పెండ్లికొడుకును నలుగురు ఎత్తుకొని పోతాంటే సూసినోళ్లు ఆస్పత్రికి అనుకుంటారు. గమ్మునుండు." గంగులప్ప నా వైపు తిరిగాడు. "చిన్నయ్యా, తోద్దాం."

"ఈ కారును తోయకూడదు."

"ఏం?"

"మా తాత మాట. మా ఇంటి కారుమీద తోసే చెయ్యి పడకూడదు."

గంగులప్ప తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "నిజమే. పెద్దయ్య ఆ మాట అన్యాడు, నేనూ ఇన్యాను. అయితే చిన్నయ్యా, ఆయప్ప కారు యానాడూ ఆగల్యా."

చుట్టూ చూశాను. గుమ్మాల మీద నిలబడినవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. రోజూ కనపడడానికి నేను పడిన పాట్లన్నీ ఆ ఒక్క పూటలో ఫలించాయి. గడియారం తొమ్మిదికి దగ్గరవుతున్నది. నావల్ల ఒక పెళ్లి ఆగిపోతే, ఆ మాట ఈ కాలనీ గోడలు ఉన్నంతకాలం ఉంటుంది.

"తోయండి, మామా," అన్నాను. గంగులప్పను మామా అనడం నా జీవితంలో అదే మొదలు.

సరళ దిగిపోయింది, బరువు తగ్గాలని. సురేశు మస్తాన్‌కు ఫోను కలిపి, అందరికీ వినపడేట్లు పెట్టి ముందు సీటు మీద పడేశాడు. "రెండో గేరులో పెట్టు అప్పా," అన్నాడు మస్తాన్. "క్లచ్చు తొక్కి పట్టుకో. బండి ఊపందుకున్యాక తటాలున వదులు. ఒక కుదుపు కుదిపి లేస్తాది."

ఇరవైమంది తోశారు. కారు ఊపందుకుంది. నేను క్లచ్చు వదల్లేదు. పెళ్లికొడుకును, అదీ మా ఇంటి కారులో, కుదపడం ఏం మర్యాద? మెల్లగా వదలడానికి అనువైన క్షణం కోసం చూస్తూ పోయాను. మిగిలిన గడపలన్నీ అట్లాగే దాటాం. హారతి పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు కారు పక్కన పరిగెత్తుతూ హారతులిచ్చారు. తోసేవాళ్ల అడుగులకు సరిపోవాలని మేళగాళ్లు దరువు పెంచారు.

"వదుల్, వదుల్," అని సీటు మీది ఫోను అరుస్తూనే ఉంది.

కాలనీ చివర రోడ్డుకు దిగే వాలు ఉంది. హద్దు రాయి అక్కడే. వాలులో కారు తోసేవాళ్ల చేతులు దాటిపోయింది. ఎదురుగా రోడ్డు మీద సిమెంటు లారీ వస్తున్నది. దాన్ని చూసిన భయానికి నా ఎడమకాలు దానంతట అదే గాల్లోకి లేచింది. కారు గేదె తన్నినట్లు ఎగిరిపడి, దగ్గి, లేచింది. లారీవాడు నన్ను తప్పించి, మా వంశాన్ని ఒక మాట అని పోయాడు.

"లేసింది," అని ఫోనులో మస్తాన్ గొంతు. "ఇప్పుడు లైట్లన్నీ ఆపు. పై గేరులో గంటసేపు పరిగెత్తీయ్. అంతదాంక యాడా నిలపొద్దు. నిలిపితే మల్లా లేయదు."

ఆ రోజు మొదటిసారి నేను మస్తాన్ మాట విన్నాను. వినడమంటే అక్షరాలా విన్నాను.

"అన్నా, హద్దు దాటిపాయ," అన్నాడు సురేశు.

"చూసినా."

"ఈడ దిగి మా వ్యాను ఎక్కాల నేను. మావోళ్లంతా ఆడుండారు. ఆపన్నా."

"ఆపితే లేయదు."

"తాళిబొట్టు మా నాయన కాడుండాది."

"నువ్వు నా కాడుండావు గదా. తాళి కోసం కాసేపు ఆగుతారు. నీకోసం ఆగరు."

అద్దంలో చూస్తే గంగులప్ప తలపాగా చేత్తో పట్టుకుని పరిగెత్తుతున్నాడు. అతని వెనక మేళగాళ్లు, అలవాటు కొద్దీ వాయిస్తూనే. కాసేపటికి అందరూ దుమ్ములో కలిసిపోయారు. నేను మూడో గేరు వేశాను, నాలుగో గేరు వేశాను. మా నాయన పోయాక ఆ గేరు మొహం నేను చూడనేలేదు. ముద్దనూరు దగ్గర రైలు గేటు పడి ఉంటే, ఆగితే ఎక్కడ ఆగిపోతుందోనని పక్కన ఖాళీ జాగాలోకి దించి చుట్లు తిప్పాను. గేటు దగ్గర నిలబడిన జనం బాసికంతో ఉన్న పెళ్లికొడుకు మళ్లీ మళ్లీ తమ ముందరనుంచి పోతుంటే దండాలు పెట్టారు.

"అన్నా, పెండ్లి ప్రదక్షిణలు ఈడనే అయిపోతాండాయి," అన్నాడు సురేశు. ఆ గొంతులో నవ్వు లేదు.

పులివెందుల మండపం ముందరికి ముహూర్తానికి పావుగంట ముందే చేరాం. తల్లీ తండ్రీ లేకుండా, మేళం లేకుండా, వాడిపోయిన పూలతో, ఊడి వేలాడే దీపాల తోరణంతో. పెళ్లికూతురి మేనమామ మీసం మెలేస్తూ మెట్లు దిగి వచ్చాడు.

"తక్కినోళ్లు యాడ?"

"వెనకాలే వస్తాండారు," అని సురేశు ఒక్క గెంతులో కారు దిగాడు. అంత తొందరగా కారు దిగిన పెళ్లికొడుకును నేను చూడలేదు.

అతన్ని లోపలికి పంపి మేనమామ నా వైపు తిరిగాడు. "డ్రైవరూ, బండి ఆపి పక్కకు పెట్టి రా, తిందువు."

డ్రైవరు. నా వెన్నెముక సీటుకు ఒక బెత్తెడు ముందుకు లేచింది. నేనెవరో, మా తాత ఎవరో, పన్నెండు స్తంభాలు ఏమిటో నోటిదాకా వచ్చాయి. కానీ చెబితే ఏమవుతుంది? దిగమంటారు. లోపలికి రమ్మంటారు. ముందు వరసలో కుర్చీ వేస్తారు. అంటే ఇంజను ఆపాలి. ఆపితే, అంతమంది ముందర ఆ పెద్దింటి మనిషి కారు మళ్లీ తోయించుకోవాలి. డ్రైవరు కారు ఆగితే అది కారు తప్పు.

"ఆపేదానికి ల్యా," అన్నాను. "ఆపితే లేయదు."

"ఇదేం బండప్పా. అట్లయితే ఆ గోడ పక్కన పెట్టుకొని దాంట్లోనే కూచో. నీకు టిఫిను ఆడికే పంపిస్తా."

పంపించాడు. ఒక కాలు ఆక్సిలేటరు మీద పెట్టి, ఒడిలో ఆకు పెట్టుకుని, ఇడ్లీలు తిన్నాను. కాసేపటికి ఎర్ర కారు, దాని వెనక వ్యాను వచ్చి ఆగాయి. గంగులప్ప దిగి, తాళిబొట్టు ఉన్న మూటను గుండెకు హత్తుకుని ఉరుకుతున్నవాడు నన్ను చూసి నిలబడిపోయాడు.

"మీ డ్రైవరు శానా మొండోడప్పా," అన్నాడు మేనమామ. "బండి దిగమంటే దిగడు."

గంగులప్ప నోరు తెరిచాడు. నా చేతిలో సగం తిన్న ఇడ్లీ, నా మొహం చూశాడు. నేను వద్దన్నట్లు తల తిప్పాను.

"మా ఇంటి మనిషే," అన్నాడు గంగులప్ప మెల్లగా. "ఏమనుకోవాకండి. పాతకాలం మనిషి."

అట్లా నేను గంగులప్ప ఇంటి మనిషినయ్యాను. లోపల సన్నాయి మోగింది. తాళి పడింది. నేను బయట ఇంజను శబ్దంలో ఆ మంత్రాలు ఒక్కటీ వినలేదు. మస్తాన్‌కు మళ్లీ ఫోను చేసి, "ఇంకా ఎంతసేపు తిప్పాల?" అని అడిగాను.

"ఏంది తిప్పేది? గంట పరిగెత్తిచ్చినావు గదా. నువ్వు పులివెందుల చేరేతలికే బ్యాటరీ నిండిపోయుంటాది. ఇంకా ఆపల్యా నువ్వు?"

ఆపబోయాను. తాళం మీద చెయ్యి వేశాను. అంతలో కారే ఆగిపోయింది. టీ అంగడి ప్రయాణాలకు సరిపోయేంత పెట్రోలే నేను ఎప్పుడూ పోయించేది. మా కారు జన్మలో మొదటిసారి బ్యాటరీ కడుపు నిండా ఉంది, టాంకులో చుక్క లేదు. తాంబూలాలు పుచ్చుకుని బయటికి వచ్చిన రెండు వైపుల బంధువులూ, పట్టుపంచెలు ఎగగట్టి, ఆ కారును పెట్రోలు బంకు దాకా తోశారు. అందరికంటే గట్టిగా తోసింది మేనమామ. "ఏం డ్రైవరప్పా నువ్వు," అని దారి పొడవునా అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత కాలనీలో బయలుదేరిన పెళ్లికొడుకు ఎర్ర కారులో ఎక్కాడు. ఆనవాయితీ పోకూడదని గంగులప్ప ఒక్క మాట పట్టుబట్టాడు. కారు ఎవరిదైనా, తోలేది మాత్రం మా ఇంటివాడే కావాలన్నాడు. తోలుతున్నాను. ఇప్పటికి ముగ్గురిని హద్దు దాటించాను.

కాబట్టి ఇది చదివేవాళ్లందరినీ సాక్షులుగా పెట్టుకుని, నీళ్ల కింద ఉన్న పన్నెండు స్తంభాల మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ గడప ముందరైనా, ఎంతటి ముత్తైదువ హారతి ఇచ్చినా ఇంజను ఆపను. మా తాతే స్వయంగా పళ్లెం పట్టుకుని ఎదురొచ్చినా ఆపను. పక్కకు తప్పుకోమని హారన్ కొడతాను.